వాచీ చెప్పిన ఆ 700 కేలరీలు ఎక్కడికి పోయాయి?

కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో మగవాళ్లు పరిగెత్తే 1600 మీటర్లకి ఎన్ని కేలరీలు ఖర్చవుతాయో ఒక్క క్షణం మనసులో అనుకోండి. కిందికి స్క్రోల్ చెయ్యకుండా! తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం ఆ పరుగు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చెయ్యాలి. చివరి రౌండ్‌కొచ్చేసరికి ఊపిరి అందదు, కాళ్లు రాళ్లవుతాయి. గీత దాటాక కొందరు అక్కడే కూలబడిపోతారు. ఎన్ని అనుకున్నారు? 300? 400?

60 కిలోల మనిషికి సుమారు 100. అంతే. అరగ్లాసు పాలు పోసి రెండు చెంచాల చక్కెర వేసిన ఒక టీ.

పరుగుకి ఓ మోటు లెక్క ఉంది. కిలో బరువుకి, కిలోమీటరు దూరానికి, ఒక కేలరీ. 60ని 1.6తో గుణిస్తే 96. స్పీడుగా పరిగెత్తినా, మెల్లగా పరిగెత్తినా ఈ లెక్క పెద్దగా మారదు. నడకకైతే కిలోమీటరుకి ఇంకా తక్కువే. ఇక్కడ అందరం దెబ్బతినేది ఒకే చోట. ఎంత అలిసిపోయామో చూసి ఎంత ఖర్చయిందో చెప్పేస్తాం. అలుపు వేరు, ఖర్చు వేరు.

ఖమ్మంలో లకారం ట్యాంక్‌బండ్ మీద పొద్దున్నే నడిచే మా బ్యాచ్‌లో ఈ మధ్య ఇదే ఆట. గంటలో ఐదు కిలోమీటర్లు నడిచి, ఒక్కొక్కరూ ఒక నంబర్ చెప్పాలి. బ్యాంకు ఉద్యోగం చేసే మిత్రుడు 600 అన్నాడు. బీటెక్ కుర్రాడు కొంచెం తగ్గి 450 అన్నాడు. రిటైరైన మాస్టారొకాయన చొక్కా చూపించి, "ఈ చెమట చూడవయ్యా, వెయ్యికి తక్కువుంటుందా" అన్నారు. 70 కిలోల మనిషి ఆ నడక నడిస్తే ఖర్చు దాదాపు 245. అందులోనూ 70 దాకా ఆ గంటసేపు ఇంట్లో కూర్చున్నా ఖర్చయ్యేవే. అంటే నడిచినందుకు అదనంగా ఖర్చయినవి 175. తర్వాత అందరం కలిసి టిఫిన్ బండి దగ్గరికి వెళ్తాం. నాలుగు పూరీలు తింటే, పూరీకి చెంచాడు నూనె చొప్పున చూసుకున్నా, నూనె ఒక్కటే 180 కేలరీలు. పిండీ, కూరా లెక్క ఇంకా మొదలెట్టనే లేదు.

మా మాస్టారి చెమట వాదం చాలామందిది కాబట్టి దాని సంగతి చెప్పేస్తాను. కండరం పనిచేసేటప్పుడు ఖర్చయ్యే శక్తిలో పావు వంతో, అంతకన్నా తక్కువో నిజమైన పనికి వెళ్తుంది. మిగతాదంతా వేడి. ఆ వేడి బయటికి పోవడానికే చెమట. గాలిలో ఉక్క ఉంటే కదలకుండా కూర్చున్నా చెమట పడుతుంది. డిసెంబర్‌లో అదే నడక నడిస్తే చొక్కా తడవదు. కానీ ఖర్చు ఇంచుమించు అంతే.

మా బ్యాచ్‌ని చూసి నవ్వక్కర్లేదు. 2010లో కెనడాలోని ఒట్టావా యూనివర్సిటీ పరిశోధకులు 16 మందిని ట్రెడ్‌మిల్ ఎక్కించారు. ఒకరోజు కొలిచి సరిగ్గా 200 కేలరీలు, ఇంకోరోజు 300 ఖర్చయ్యేలా చేసి, ఎన్ని ఖర్చయ్యాయో చెప్పమన్నారు. అసలు ఖర్చుకి మూడు నాలుగు రెట్లు చెప్పారు. తర్వాత బఫే పెట్టి, ఖర్చయినంత మాత్రమే తినమన్నారు. రెండు మూడు రెట్లు తిన్నారు. వాళ్లు లావుగా ఉన్నవాళ్లేం కాదు, మామూలు బరువున్న ఆడా మగా.

సరే, మనిషి అంచనా ఇంతే, వాచీ ఉంది కదా అంటారు. అక్కడికే వస్తున్నాను. నాకు ఈ విషయం సరదా ఆటగా కాకుండా పోయింది వాచీ వల్లనే.

మా పిన్ని కూతురు కొత్తగూడెంలో ఉంటుంది. డిగ్రీ అయిపోయింది, కానిస్టేబుల్‌కి ప్రిపేరవుతోంది. ఆడపిల్లలకి 800 మీటర్లు, టైము 5 నిమిషాల 20 సెకన్లు. బరువు తగ్గితే టైమింగ్ బాగుంటుందని గ్రౌండ్‌లో ఎవరో చెప్పారట. అప్పటికి తను 52 కిలోలు. తగ్గాల్సిన అవసరమే లేదు. (తనని అడిగే ఇదంతా రాస్తున్నాను. "పేరు వద్దు అన్నా, మిగతాదంతా రాయి" అంది.) ఒక స్మార్ట్‌వాచీ కొనుక్కుంది, ఫోన్‌లో ఒక యాప్ వేసుకుంది. యాప్ రోజుకి 1200 కేలరీలు తినమంది. పొద్దునా సాయంత్రం కలిపి ఆరు కిలోమీటర్ల పరుగు, ముందూ వెనకా కాస్త నడక. వాచీ రోజూ 700కి దగ్గర్లో చూపించేది. ఆ స్క్రీన్‌షాట్లు నాకూ వచ్చేవి.

ఇప్పుడు తన తలలో నడిచిన లెక్క చూడండి. కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7700 కేలరీలు అని ఇంటర్నెట్‌లో అందరూ చెప్తారు. రోజుకి 700 చొప్పున పదకొండు రోజులకో కిలో. పరుగుతోనే! తిండి తగ్గించింది అదనం. పదకొండు రోజులైంది. కిలో తగ్గలేదు. ఇంకో పది రోజులైంది. ముల్లు కొంచెం కదిలి ఆగిపోయింది. వాచీ తప్పు చెప్తోందన్న ఆలోచన తనకి రాలేదు. అది మెషీన్ కదా. కాబట్టి తప్పు తనదే అనుకుంది. "నేనే ఎక్కడో ఎక్కువ తినేస్తున్నానన్నా" అనేది ఫోన్‌లో. రాత్రి అన్నం మానేసింది. తర్వాత పెరుగు కూడా.

ఒకరోజు ప్రాక్టీసులో రెండో రౌండ్ మధ్యలో కళ్లు తిరిగి పడిపోయింది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే రక్తం తక్కువుందని తేలింది. అప్పుడు పిన్నికి ఇంకో విషయం చెప్పింది, రెండు నెలలుగా నెలసరి రావడం లేదని.

ఆరు కిలోమీటర్ల పరుగు 52 కిలోల మనిషికి అటూ ఇటూగా 310 కేలరీలు. నడక కలుపుకుంటే 350 అనుకుందాం. వాచీ చెప్పిందాంట్లో సగం. మిగతా సగం ఎక్కడా లేదు, స్క్రీన్ మీద తప్ప.

అసలు వాచీ కేలరీలని కొలవదు. కొలవాలంటే మూతికి మాస్క్ పెట్టి ఎంత ఆక్సిజన్ పీల్చారో, ఎంత కార్బన్ డయాక్సైడ్ వదిలారో చూడాలి. లీటర్ ఆక్సిజన్ వాడితే సుమారు ఐదు కేలరీలు. అది ల్యాబ్ పని. వాచీ ముఖ్యంగా చూసేది రెండు, చెయ్యి ఎలా ఊగుతోంది, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది. మీరు టైప్ చేసిన వయసు, బరువు, ఎత్తు వాటికి కలిపి, కంపెనీ రాసుకున్న ఫార్ములాలో వేసి ఒక అంకె చూపిస్తుంది. ఆ ఫార్ములా ఏంటో బయటికి చెప్పరు.

2017లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు అప్పటి ఏడు పేరున్న వాచీల్ని 60 మంది చేతులకి కట్టి, మాస్క్ లెక్కతో పోల్చి చూశారు. గుండె వేగం ఏడింట్లో ఆరు బాగానే చెప్పాయి, తేడా 5 శాతం లోపే. కేలరీల దగ్గరే కథ అడ్డం తిరిగింది. అన్నింట్లోకీ మంచిదానికి సగటున 27 శాతం తేడా. అధ్వానమైనదానికి 93 శాతం. ఆ తర్వాత కొత్త మోడళ్లు చాలా వచ్చాయి, సెన్సర్లు మెరుగయ్యాయి. కానీ గుండె వేగం నుంచి కేలరీకి దూకే చోట ఉన్న గొయ్యి సెన్సర్ మార్చితే పూడేది కాదు.

మన ఎండల్నే తీసుకోండి. మే నెలలో కొత్తగూడెం, పాల్వంచ వైపు పొద్దున ఆరున్నరకే గాలి వేడెక్కిపోతుంది. వేడిలో గుండె రెండు డ్యూటీలు చేస్తుంది. కండరాలకి రక్తం పంపాలి, ఒళ్లు చల్లబడడానికి చర్మానికీ పంపాలి. అందుకని అదే స్పీడుకి ఎక్కువ సార్లు కొట్టుకుంటుంది. వాచీకి అది కష్టపడి పరిగెత్తినట్టే కనిపిస్తుంది. టెన్షన్ పడినా, నిద్ర తక్కువైనా, ఒంట్లో రక్తం తక్కువగా ఉన్నా గుండె వేగం పెరుగుతుంది. మా చెల్లి కేసులో అన్నీ ఉన్నాయి. ఒకరకంగా చూస్తే తను నీరసపడుతున్న కొద్దీ వాచీ మెచ్చుకుంటూ పోయింది.

ఇంకో తిరకాసు, ఏమీ చెయ్యకపోయినా ఒంటికి ఖర్చయ్యే కేలరీల్ని లెక్కేసే సూత్రాలు. చాలా యాప్‌ల వెనక ఉండే సూత్రాల్లో ఒకటి 1919 నాటిది, అమెరికాలో 239 మంది పెద్దవాళ్ల మీద కట్టింది. ఇంకోటి 1990 నాటిది, అదీ అక్కడిదే, 498 మంది. ఐక్యరాజ్యసమితి సంస్థలు 1985లో ప్రపంచానికంతటికీ ఇచ్చిన సూత్రాల వెనక ఏడు వేల పైచిలుకు కొలతలుంటే అందులో 47 శాతం ఇటలీ వాళ్లవి, ఎక్కువగా సైనికులు! మన ఒళ్లు ఆ లెక్కకి కాస్త తక్కువే ఖర్చు పెడుతుందని, భారతీయులకి దాదాపు 5 శాతం తగ్గించుకోవాలని మన ఐసీఎంఆర్ 2010 సిఫార్సుల్లో లెక్కలోకి తీసుకున్నారు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వేసే లెక్కలు ఇలాంటివే. అయిదు శాతం చిన్నదే. కానీ తప్పులన్నీ ఒకే వైపుకి పడుతుంటే చిన్నవి కూడా పోగవుతాయి.

ఇక చెయ్యి సంగతి. మణికట్టుకి కట్టిన వాచీకి చెయ్యి తప్ప మిగతా ఒళ్లు కనిపించదు. బాగోలేని రోడ్డు మీద బండి నడిపి చూడండి, కొన్ని వాచీలు మీ ఖాతాలో అడుగులు వేసేస్తాయి. ఇది నవ్వుకునే సంగతి. నవ్వు రాని సంగతి చర్ల మండలంలో ఒక ఊళ్లో చూశాను.

భద్రాచలం దగ్గర గోదావరి బ్రిడ్జి దాటి, దుమ్ముగూడెం మీదుగా చర్ల వైపు వెళ్తే ఏప్రిల్, మే నెలల్లో ఊళ్లకి ఊళ్లు తునికాకు పనిలో ఉంటాయి. అవతల ఛత్తీస్‌గఢ్ అడవి. తెల్లారకముందే బయల్దేరతారు. కోసిన ఆకు మూట కట్టి నెత్తిన పెట్టుకుని ఇంటికి తెచ్చి, యాభై ఆకుల చొప్పున కట్టలు కట్టి, సాయంత్రానికి కల్లానికి చేరుస్తారు. డబ్బు కట్టల లెక్కనే. అక్కడ నాకు తెలిసిన ఒక కోయ కుటుంబం ఉంది. ఆ ఇంటి అక్క చేతికి ఒక పూట నా వాచీ కట్టాను. ముందుగా యాప్‌లో నా వివరాలు తీసేసి ఆమె బరువు 45 కిలోలు, వయసు పెట్టాను.

"ఇదేం చెబుద్ది తమ్ముడూ?" అంది.

"ఎన్ని కేలరీలు ఖర్చయ్యాయో చెబుతుందక్కా."

"అది నాకెందుకు? ఎన్ని కట్టలయ్యాయో చెబితే సరిపోద్ది కదా."

అడవిలోకి వెళ్లేటప్పుడు వాచీ బాగానే పనిచేసింది. అడుగులు టకటకా పెరిగాయి. తిరిగొచ్చేటప్పుడు నెత్తిన మూట, దాన్ని పట్టుకుని పైకెత్తిన చెయ్యి, వాచీ ఉన్నది ఆ చేతికే. చెయ్యి ఊగదు కదా, అడుగుల లెక్క దాదాపు ఆగిపోయింది. ఎర్రటి ఎండలో, బరువుతో, మిట్టపల్లాల్లో నడిచిన నడక అది. పనంతటిలోకీ కష్టమైన భాగం వాచీ దృష్టిలో విశ్రాంతి. ఇంటికొచ్చి అరుగు మీద చతికిలబడి కట్టలు కడుతుంటే మళ్లీ అడుగులు పెరగడం మొదలెట్టాయి. చేతులు చకచకా ఆడుతున్నాయి మరి.

పైగా నెత్తిన ఎంత బరువుందో వాచీకి తెలియదు. తెలిసినా లెక్క కుదిరేది కాదేమో. 1986లో కెన్యాలో కొలిచి చూస్తే, నెత్తిన బరువు మోయడం అలవాటైన ఆడవాళ్లకి తమ బరువులో ఐదో వంతు దాకా మోసినా అదనపు ఖర్చే కనిపించలేదు. తర్వాత దక్షిణాఫ్రికాలో చేసిన పరీక్షల్లో అలా రాలేదు. మనిషిని బట్టి, అలవాటుని బట్టి మారే విషయమన్నమాట. ఏ ఒంట్లో ఎలా మారుతుందో మణికట్టు మీది బిళ్లకి ఎలా తెలుస్తుంది? వ్యాయామాలకీ పనులకీ ఎంతెంత ఖర్చో చెప్పే పెద్ద పట్టిక ఒకటుంది, 1993 నుంచి అమెరికా వాళ్లు సవరిస్తూ వస్తున్నారు. వందల పనులున్నాయి అందులో. తునికాకు అన్న మాట మాత్రం లేదు.

2020లో ఐసీఎంఆర్ వేసిన లెక్కలో 55 కిలోల స్త్రీ కూర్చుని చేసే పనుల్లో ఉంటే రోజుకి 1660 కేలరీలు కావాలి, బరువు పనులు చేస్తే 2720. తేడా 1060. మా లకారం బ్యాచ్ గంట నడక లాంటివి ఆరు. ఆ అక్కకి ఎవరూ బర్నింగ్ అని చెప్పరు, అది పని కాబట్టి.

ఇక్కడ ఒక మెలిక చెప్పకపోతే లెక్క సగమే చెప్పినట్టు. టాంజానియాలో హడ్జా అని వేట మీద, అడవి తిండి మీద బతికే ఒక తెగ ఉంది. మగవాళ్లు రోజుకి సగటున 11 కిలోమీటర్ల పైన నడుస్తారు, ఆడవాళ్లు దాదాపు ఆరు. హెర్మన్ పొంట్జర్ అనే శాస్త్రవేత్త బృందం 30 మందికి ప్రత్యేకమైన ఐసోటోపులున్న నీళ్లు తాగించి, మూత్రం పరీక్షలతో మొత్తం రోజు ఖర్చు కొలిచింది. ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి బయటి జీవితంలో ఇంకోటి లేదు. 2012లో ఫలితం చూసి చాలామంది నోరెళ్లబెట్టారు. ఒంటి సైజుని లెక్కలోకి తీసుకుంటే హడ్జాల రోజు ఖర్చూ, ఆఫీసులో కూర్చునే అమెరికా వాళ్ల రోజు ఖర్చూ దాదాపు సమానం. రోజూ బాగా కష్టపడే ఒళ్లు, కనిపించని చోట్ల ఖర్చు తగ్గించుకుని మొత్తాన్ని అదుపులో ఉంచుకుంటుందని పొంట్జర్ వాదన. దీనిమీద శాస్త్రవేత్తల్లో వాదోపవాదాలు ఇంకా ఉన్నాయి. నా మట్టుకు నాకు, కష్టపడే వాళ్లకి తిండి తక్కువైనా ఫర్వాలేదని దీన్ని ఎవరైనా వాడుకుంటారేమోనన్న భయం ఉంది. పొంట్జర్ చెప్పింది అది కాదు.

కానీ మా చెల్లి 700లో మిగతా సగం ఏమైందో ఇక్కడ దొరుకుతుంది. తిండి తగ్గించి పరుగు పెంచితే ఒళ్లు పొదుపు మొదలెడుతుంది. బతకడానికి ఈ పూట అవసరం లేనివాటికి ముందు కోత పెడుతుంది. అందులో మొదటి వరసలో ఉండేది నెలసరి. 1200 తిని, పరుగుకి 300 పైన ఖర్చు పెడితే మిగతా ఒంటికి మిగిలింది 900 లోపు. కొవ్వు తీసేసి చూస్తే తన బరువు 39 కిలోలుంటుందనుకుందాం. కిలోకి 23 కేలరీలు. అది 30 కన్నా తగ్గితే ఆడపిల్లల్లో హార్మోన్లు, ఎముకలు దెబ్బతినడం మొదలవుతుందని క్రీడా వైద్యులు చెప్తారు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ పరిస్థితికి ఒక పేరు కూడా పెట్టింది, రెడ్-ఎస్ అని. ఒలింపిక్స్‌కి వెళ్లే వాళ్లకే వచ్చేది కాదది. కొత్తగూడెం గ్రౌండ్‌లో కూడా వస్తుంది.

మరి వాచీ పారెయ్యాలా? అక్కర్లేదు. నిన్నటి మీతో ఇవాళ్టి మిమ్మల్ని పోల్చుకోవడానికి పనికొస్తుంది. ఒకే దారి, ఒకే టైము, ఒకే వాచీ అయితే తప్పు కూడా ఇంచుమించు ఒకలాగే ఉంటుంది. అదే స్పీడుకి గుండె వేగం నెలనెలా తగ్గుతుంటే ఫిట్‌నెస్ పెరుగుతున్నట్టే. ఆ అంకె చూపించి రెండో బిర్యానీ ప్లేటు తెచ్చుకోవడానికీ, ఆ అంకెకి సరిపడా ఉపవాసం ఉండడానికీ మాత్రం వాడొద్దు. బరువు చూసుకోవాలంటే వారానికోసారి ఒకే వేళప్పుడు చూసుకుంటే చాలు.

అంకె కావాల్సిందే అనేవాళ్లు చేత్తో వేసుకునే లెక్క ఉంది. ఊరికే కూర్చుంటే 1, గంటకి ఐదు కిలోమీటర్ల నడకకి 3.5, గంటకి ఎనిమిది కిలోమీటర్ల పరుగుకి 8.3 అని ఆ అమెరికా పట్టిక 2011 కూర్పులో ఉంది. అందులోంచి 1 తీసేసి, మీ బరువుతో, ఎన్ని గంటలో దానితో గుణించండి. 60 కిలోల వాళ్లు అరగంట నడిస్తే 75 వస్తుంది. ఇదీ అంచనానే, పాతిక శాతం అటో ఇటో పోవచ్చు. కానీ ఇందులో ఏం గుణించారో మీకు తెలుసు.

మా చెల్లి ఇప్పుడు రాత్రి అన్నం తింటోంది, పప్పూ గుడ్డూ వేసుకుని. డాక్టరిచ్చిన ఐరన్ మాత్రలు నడుస్తున్నాయి. పరుగు కొన్నాళ్లు ఆపించారు, మళ్లీ మెల్లగా మొదలెట్టింది. వాచీ చేతికే ఉంది. అందులో కేలరీల పేజీ తీసేసి స్టాప్‌వాచీ ముందుకు తెచ్చుకుంది. స్క్రీన్‌షాట్లు ఇప్పటికీ వస్తున్నాయి నాకు, 800 మీటర్ల టైమింగ్‌వి.